మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5ను ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకు వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5కు జపానులో యూనోస్ రోడ్‌స్టర్ అనీ, ఉత్తర అమెరికాలో మియాటా అనీ పేరు. హెడ్‌లైట్లు పైకి లేచే ఆ మొదటి తరం కార్లు 1997 దాకా 4 లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా పాతికేళ్లు నిండాయి. ఇన్నేళ్లుగా దీని కింద పడుకుని పనిచేశాక నాకు బోధపడినది ఇది: ఈ కారులో ఇనుము గట్టిది, ముసలిదైపోయింది రబ్బరు. గొట్టాలు, సీళ్లు, ఓ-రింగులు, తొడుగులు, వీటి సంగతి చూసుకుంటే ఇంజను తన సంగతి తాను చూసుకుంటుంది. కింది జవాబులన్నీ ఆ నమ్మకంతో రాసినవే.

మెకానిక్ పని ఎప్పుడూ చేయనివాళ్లు ఈ కారుతో మొదలుపెట్టవచ్చా?

నిస్సందేహంగా. ఇంజనును ముందు నుంచి వెనక్కి పొడవుగా అమర్చారు కాబట్టి రెండు పక్కలా చెయ్యి దూరే చోటు ఉంటుంది. 10, 12, 14, 17 మిల్లీమీటర్ల పానాలు ఉంటే సగానికి పైగా పనులు అయిపోతాయి. లోపాలు చదవడానికి ప్రత్యేకమైన కంప్యూటర్ కూడా అక్కర్లేదు. బానెట్ కింద ఉన్న డయాగ్నసిస్ పెట్టెలో రెండు టెర్మినళ్లను వైరు ముక్కతో కలిపితే డ్యాష్‌బోర్డు మీద గానీ, విడిగా తగిలించిన చిన్న బల్బులో గానీ మిణుకులు లెక్కపెట్టి లోపం ఏమిటో తెలుసుకోవచ్చు. ఏ రెండు టెర్మినళ్లో మీ సంవత్సరం మాన్యువల్లో చూసి మాత్రమే కలపండి. తప్పు జత కలిపితే కాలిపోయేది వైరు ముక్క ఒక్కటే కాదు.

పనిముట్లలో ఏవి తప్పనిసరి?

టార్క్ రెంచ్ (బోల్టును లెక్క ప్రకారం బిగించే పానా), రెండు జతల జాక్‌స్టాండ్లు (ఎత్తిన కారును మోసే స్టాండ్లు), ఆరు ముఖాల సాకెట్లు, తుప్పు వదిలించే స్ప్రే, ఒక మంచి టార్చి. ఆరు ముఖాలవని ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, పన్నెండు ముఖాల సాకెట్ తుప్పు పట్టిన బోల్టు మూలల్ని అరగదీసి గుండ్రంగా చేసేస్తుంది. అప్పుడు పది నిమిషాల పని రెండు రోజులవుతుంది. మీ సంవత్సరం మోడల్‌కు సంబంధించిన వర్క్‌షాప్ మాన్యువల్ కూడా పనిముట్టే. బిగింపు లెక్కలు జ్ఞాపకం మీద ఆధారపడి చేయవలసినవి కావు.

కారును ఎక్కడ జాకీ పెట్టి ఎత్తాలి?

ముందు వైపైతే అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్ మధ్యలో, వెనుక వైపైతే డిఫరెన్షియల్ (వెనుక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) కింద. స్టాండ్లను పక్కల సిల్స్ (తలుపుల కింద పొడవుగా ఉండే రేకు పెట్టెలు) కింద ఉన్న బలమైన చోట్ల, లేదా సబ్‌ఫ్రేమ్ కింద పెట్టాలి. సిల్ అంచు తుప్పు పట్టి మెత్తబడి ఉంటే అక్కడ స్టాండ్ పెట్టకండి. ముందు సుత్తి పిడితో తట్టి చూడండి, గట్టి రేకు ఖణేలుమంటుంది, కుళ్లిన రేకు మొద్దుగా పలుకుతుంది.

జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి తల పెట్టకూడదు. ఒక్క నిమిషానికి కూడా. జాకీలోని సీలు కూడా రబ్బరే. స్టాండ్ల మీద దించాక కారును రెండు చేతులతో గట్టిగా ఊపండి. కదిలేదేదైనా ఉంటే మీరు బయట ఉన్నప్పుడే కదలాలి.

కొత్తగా కొన్నాను. మొదట ఏ పనులు చేయాలి?

పాత యజమాని ఏమి చెప్పినా సరే, ద్రవాలన్నీ మార్చేయండి: ఇంజను ఆయిలు, గేర్‌బాక్స్ ఆయిలు, డిఫరెన్షియల్ ఆయిలు, కూలెంట్, బ్రేకు ఆయిలు, క్లచ్ ఆయిలు. ఏ తేదీన, ఎంత దూరం తిరిగాక మార్చారో ఒక పుస్తకంలో రాసుకోండి. తర్వాత టైర్ల పక్కన అచ్చు వేసిన నాలుగంకెల సంఖ్య చూడండి. మొదటి రెండంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. 2315 అని ఉంటే 2015లో 23వ వారం అన్నమాట. తక్కువ తిరిగే కార్లలో టైర్లు అరగకముందే గట్టిపడిపోతాయి. గాడులు నిండుగా కనిపిస్తున్నాయని మోసపోవద్దు. 185/60 ఆర్14 టైర్లకు గాలి చల్లగా ఉన్నప్పుడు 26 పీఎస్ఐ. ఇంత తేలికైన కారుకు పెద్ద కార్ల లెక్కన 32, 33 కొట్టిస్తే అది గతుకుల మీద ఎగురుతుంది.

ఎక్కువ పవరు ఇచ్చే విడిభాగాలు, కిందికి దించే స్ప్రింగులు, ఇవన్నీ తర్వాత. కనీసం ఒక ఏడాది ఉన్నదాన్ని ఉన్నట్టు నడిపి చూడండి.

ఇంజను ఆయిలు మార్చడంలో ప్రత్యేకత ఏమైనా ఉందా?

ఆయిల్ ఫిల్టర్ ఒక్కటే ఇబ్బంది. అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద నక్కి ఉంటుంది. పై నుంచి కనిపించదు. ముందు కుడి చక్రం విప్పి పక్క నుంచి చెయ్యి పెట్టడం తేలిక. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూశాకే కొత్తది బిగించండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే స్టార్ట్ చేసిన అరనిమిషంలో ఆయిలంతా నేలపాలవుతుంది. 1.6 లీటర్ ఇంజనుకు ఫిల్టర్‌తో కలిపి సుమారు 3.6 లీటర్లు పడుతుంది. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయండి.

చల్లగా ఉన్నప్పుడు ఇంజను పై భాగంలో టకటకమని శబ్దం వస్తోంది. ప్రమాదమా?

చాలావరకు కాదు. ఈ తరం ఇంజన్లలో వాల్వుల సందును హైడ్రాలిక్ లిఫ్టర్లు ఆయిలు ఒత్తిడితో తమంతట తామే సర్దుకుంటాయి. ఆయిలు పాతబడినా, కారు చాలా రోజులు కదలకుండా ఉన్నా వాటిలోంచి ఆయిలు జారిపోయి టకటకలాడతాయి. ఆయిలు మార్చి, ఇంజను పూర్తిగా వేడెక్కే దాకా కాస్త దూరం నడిపితే చాలాసార్లు తగ్గిపోతుంది. కింద నుంచి, లోతుగా, దబదబమని వచ్చే శబ్దం వేరు. అది వింటే ఇంజను ఆపేసి ఆయిలు మట్టం చూడండి.

ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఆయిలు కారుతోంది. రియర్ మెయిన్ సీల్ పోయిందా?

ఆ నిర్ణయానికి అంత త్వరగా రావద్దు. రియర్ మెయిన్ సీల్ (ఇంజనులోని ప్రధాన ఇరుసు క్రాంక్ వెనుక చివర ఆయిలును ఆపే రబ్బరు రింగు) మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. ఎంతోమంది దించి, సీలు మార్చి, మళ్లీ బిగించాక అదే చోట అదే చుక్క చూసి కుంగిపోయారు.

సిలిండర్ హెడ్ వెనుక చివర, ఫైర్‌వాల్‌కు (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడకు) ఆనుకుని క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. వాల్వులను తెరిచే క్యామ్ ఇరుసు ఏ కోణంలో ఉందో చెప్పేది అదే. దాని మెడ చుట్టూ ఒక చిన్న ఓ-రింగ్. ఏళ్ల తరబడి వేడికి అది గట్టిపడి, గుండ్రటి తీగలా ఉండాల్సింది బల్లపరుపుగా నొక్కుకుపోతుంది. అక్కడి నుంచి ఆయిలు హెడ్ వెనుక గోడ మీదుగా జారి సరిగ్గా గేర్‌బాక్స్ మొదట్లో చుక్కలవుతుంది. కింద పడుకుని చూసేవాళ్లకు అది రియర్ సీల్ లాగే కనిపిస్తుంది. సెన్సర్ కింది అంచు మీద వేలు పెట్టి చూడండి. తడి తగిలితే దొంగ దొరికినట్టే.

విప్పే ముందు సెన్సర్ ఏ కోణంలో ఉందో హెడ్ మీదికి కూడా వచ్చేలా ఒక గీత గీసుకోండి. పట్టి ఉంచేది ఒకే బోల్టు, అదీ వెనుక వైపు ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు, వేళ్లతోనే వెతకాలి. బయటికి లాగి, పాత ఓ-రింగ్‌ను కొత్తదాని పక్కన పెట్టి చూస్తే లీకు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తదానికి కాస్త ఆయిలు రాసి, గీతలు కలిపి బిగించండి. ఆ సెన్సర్‌ను తిప్పితే ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) మారుతుంది కనుక తర్వాత టైమింగ్ లైటుతో సరిచూసుకోవాలి: డయాగ్నసిస్ పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ టెర్మినళ్లను కలిపి, ఇంజను వేడిగా ఉండగా ఐడిల్‌లో చూస్తే 10 డిగ్రీలు రావాలి.

వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కూడా ఇదే వేషం వేస్తుంది. దాన్నీ ముందే చూడండి. స్పార్క్ ప్లగ్గుల గుంటల్లో ఆయిలు నిలిచి ఉంటే గ్యాస్కెట్ ముసలిదైనట్టే.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చాలి? తెగితే ఇంజను పోతుందా?

క్రాంక్‌తో క్యామ్‌లను తిప్పించే ఈ బెల్టును సుమారు 1,00,000 కిలోమీటర్లకు. ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఇప్పుడే. ఈ తరం 1.6, 1.8 ఇంజన్లలో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. కాబట్టి కారు దారిలో ఆగిపోతుందే తప్ప ఇంజను నాశనం కాదు. సొంతంగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా ధైర్యమిచ్చే విషయం లేదు.

క్యామ్ పుల్లీల మీద ఐ, ఈ అనే ఇంగ్లిష్ అక్షరాలు చెక్కి ఉంటాయి. ఇన్‌టేక్ పుల్లీ మీది ఐ, ఎగ్జాస్ట్ పుల్లీ మీది ఈ, రెండూ వెనుక ఉన్న రేకు గుర్తులకు ఎదురుగా రావాలి. అప్పుడు ఆ రెండు గుర్తుల మధ్య బెల్టుకు 19 పళ్లు ఉండాలి. చాక్‌పీసుతో ఒక్కొక్క పన్ను మీద చుక్క పెడుతూ లెక్కపెట్టండి, కంటితో అంచనా వేయకండి. 18 గానీ 20 గానీ వచ్చినా ఇంజను స్టార్ట్ కావచ్చు, కానీ నీరసంగా నడుస్తుంది, మీరు ఆరు నెలలు స్పార్క్ ప్లగ్గుల్ని అనుమానిస్తారు. టెన్షనర్ బిగించే ముందు క్రాంక్‌ను చేత్తో, సవ్య దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడండి. ఎక్కడైనా గట్టిగా అడ్డం పడితే బలం పెట్టకుండా ఆగిపోండి.

అంత లోతుకు వెళ్లాక వాటర్ పంపు, క్యామ్ సీళ్లు, క్రాంక్ ముందు సీలు, టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు కూడా మార్చేయండి. అవి మిగిల్చి మూసేస్తే ఏడాదిలో మళ్లీ అదే పని చేయాల్సి వస్తుంది.

"షార్ట్ నోస్ క్రాంక్" అంటే ఏమిటి? నా కారుకు ఆ సమస్య ఉందా?

తొలినాళ్ల 1.6 ఇంజన్లలో, అంటే 1989 నుంచి 1991 మధ్య దాకా వచ్చిన వాటిలో, పుల్లీని పట్టి ఉంచే క్రాంక్ ముక్కు పొట్టిది. బోల్టు సరిగా బిగించకపోతే లోపలి కీ, అది కూర్చునే గాడి అరిగిపోయి, టైమింగ్ జారుతుంది. కారు బలం తగ్గుతుంది. ముందు వైపు పుల్లీలో నాలుగు గాడులు ఉంటే పొట్టి ముక్కు, ఎనిమిది ఉంటే పొడుగు ముక్కు. పొట్టిదైనంత మాత్రాన చెడినట్టు కాదు. ఇంజను నడుస్తుండగా పుల్లీని పక్క నుంచి చూడండి; అటూ ఇటూ ఊగుతుంటే మాత్రం వెంటనే పట్టించుకోవాలి. బెల్టు పని చేసినప్పుడల్లా ఆ బోల్టును కొత్తది వేసి, మాన్యువల్ చెప్పినంతే టార్క్ రెంచ్‌తో బిగించండి. ఈ జబ్బు చాలా కార్లకు వచ్చింది అశ్రద్ధగా బిగించిన చేతుల వల్లే.

రేడియేటర్ ఎప్పుడు మార్చాలి?

దాని పైన ఉన్న ప్లాస్టిక్ ట్యాంకు రంగే చెబుతుంది. కొత్తగా ఉన్నప్పుడు నల్లగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ బెల్లం రంగుకు తిరుగుతుంది. ఆ తర్వాతి దశ చీలడమే. డ్యాష్‌బోర్డులోని టెంపరేచర్ ముల్లు మధ్యలోనే నిలిచిపోయేలా అమర్చినది, కాబట్టి అది కదిలేసరికే వేడి చాలా పెరిగి ఉంటుంది. గోధుమ రంగు కనిపిస్తే ముల్లు కోసం ఎదురుచూడకండి. గొట్టాలు, థర్మోస్టాట్ కూడా అప్పుడే మార్చండి. కూలెంట్ సుమారు 6 లీటర్లు పడుతుంది. నింపేటప్పుడు ముందు భాగం ఎత్తి, హీటర్ పూర్తి వేడికి తిప్పి పెడితే గాలి బుడగలు పోతాయి. వేడి ఇంజను మీద రేడియేటర్ మూత తెరవవద్దు.

ఆయిల్ ప్రెషర్ ముల్లు తెగ ఊగుతోంది. మా స్నేహితుడి 1996 కారులో కదలదు. ఏది మంచిది?

మీదే. 1994 దాకా ఉన్నది నిజమైన గేజి. ఇంజను వేగాన్ని బట్టి, వేడిని బట్టి ముల్లు కదలాలి. 1995 నుంచి దాన్ని ఒక స్విచ్చుగా మార్చారు. కనీస ఒత్తిడి ఉంటే చాలు, ముల్లు మధ్యలో నిలబడుతుంది.

క్లచ్ పెడల్ నేలకు తగులుతోంది, గేరు పడటం లేదు. క్లచ్ ప్లేట్ పోయిందా?

ముందు గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని అందుకుని క్లచ్‌ను కదిపేది) రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూడండి. తడిగా ఉంటే సిలిండర్ సీలు పోయింది. ఈ కారులో ఇది చాలా మామూలు విషయం, రెండు బోల్టుల పని. కొత్తది వేశాక పెడల్ తొక్కేవాళ్లు ఒకరు, బ్లీడ్ స్క్రూ దగ్గర మరొకరు ఉంటే గాలి తేలికగా పోతుంది. పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ కూడా అదే వయసుది; రెండూ కలిపి మార్చడం మేలు.

గేర్‌బాక్స్ ఆయిలు ఏది వాడాలి?

75డబ్ల్యూ-90, జీఎల్-4 రకం, సుమారు 2 లీటర్లు. డిఫరెన్షియల్‌కు జీఎల్-5. ఈ రెంటినీ తారుమారు చేయకండి. జీఎల్-5లోని కొన్ని రసాయనాలు గేర్‌బాక్స్ లోపలి ఇత్తడి రింగులకు మంచివి కావు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆయిలు దించే బోల్టు విప్పే ముందు, నింపే బోల్టు వదులవుతుందో లేదో చూసుకోండి. మొదటిసారి నేను ఈ క్రమం తప్పాను. పాత ఆయిలంతా పళ్లెంలోకి దిగిపోయింది, నింపే బోల్టు మాత్రం అంగుళం కూడా కదల్లేదు. కారు రెండు రోజులు స్టాండ్ల మీదే ఉండిపోయింది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, రాత్రంతా నాననిచ్చి, పొడవాటి పిడి వేశాక టక్కుమని వదిలింది.

గేరు రాడ్డు అడుగున విడిగా ఒక చిన్న గుంటలో కూడా ఆయిలు ఉంటుంది. దాని మీది రబ్బరు తొడుగు చిరిగితే లోపలికి వేడి, శబ్దం తన్నుకొస్తాయి, గేర్లు ముళ్ల మీద నడిచినట్టు పడతాయి. తొడుగులు మార్చి, గుంటలో కొత్త ఆయిలు పోస్తే ఆ గేరు రాడ్డు మణికట్టు తిప్పినంత సులువుగా కదులుతుంది. ఈ కారులో ఇంత చిన్న పనికి ఇంత పెద్ద సుఖం మరెక్కడా లేదు.

వెనుక బ్రేక్ ప్యాడ్లు మార్చాలి. పిస్టన్ ఎంత నొక్కినా లోపలికి పోవడం లేదు.

నొక్కకండి. సీ-క్లాంపుతో బలవంతం చేస్తే హ్యాండ్ బ్రేక్ యంత్రాంగం లోపల విరుగుతుంది. వెనుక కాలిపర్లో (ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగంలో) పిస్టన్‌కు లోపల మర ఉంది. కాలిపర్ వెనుక వైపు ఒక చిన్న బోల్టు మూతలా ఉంటుంది. అది విప్పితే రంధ్రంలో 4 మిల్లీమీటర్ల ఆలెన్ కీ పడుతుంది. హ్యాండ్ బ్రేక్ వదిలేసి, కీని అపసవ్య దిశలో తిప్పుతూ పోతే పిస్టన్ తనంతట తాను వెనక్కి వెళుతుంది. కొత్త ప్యాడ్లు పెట్టి, కాలిపర్ దించాక సవ్య దిశలో తిప్పండి. ప్యాడ్లు డిస్కును పట్టుకుని కీ ఆగిపోతుంది. అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పండి. డిస్కును చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. మూత బోల్టు తిరిగి పెట్టడం మరిచిపోతే లోపలికి నీళ్లు పోయి తుప్పు పడుతుంది.

ఇంకా ఒకటి: కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా బ్రేకు తొక్కండి. బ్రేకు ఆయిలు తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 4 పోయవచ్చు. డాట్ 5 వేరే జాతిది, కలపకూడదు. వీల్ నట్లను 90 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య బిగించి, కొంత దూరం నడిపాక మళ్లీ చూసుకోండి.

మామూలు బ్యాటరీ వేయవచ్చా?

ఈ కారులో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. అందుకే కంపెనీ ఆవిరిని సన్నటి గొట్టాల ద్వారా కారు బయటికి పంపే సీల్డ్ రకం బ్యాటరీని పెట్టింది. గొట్టాలు లేని మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ వేస్తే ఆ ఆవిరి డిక్కీ రేకును తినేస్తుంది, మూసిన చోట వాయువు పోగవడం ప్రమాదం కూడా.

సీటు వెనుక నీళ్లు నిలుస్తున్నాయి. పైకప్పు చిరగలేదు. ఎక్కడి నుంచి వస్తున్నాయి?

మీ కారు ప్రాణం ఈ ప్రశ్నలో ఉంది. ఇంజన్లు దొరుకుతాయి, గేర్‌బాక్సులు దొరుకుతాయి, కుళ్లిపోయిన బాడీకి మాత్రం మందు లేదు.

గుడ్డ కప్పు మీద పడిన వాన వెనుక అంచు కింద ఉన్న కాలువలోకి చేరి, రెండు పక్కలా సీటు బెల్టు స్తంభాల వెనుక ఉన్న గొట్టాల ద్వారా దిగి, వెనుక చక్రాల ముందు నేల మీద పడాలి. ఆకులు, దుమ్ము, కప్పు గుడ్డ నూగు కలిసి ఆ గొట్టాల్లో బిరడాలా పట్టేస్తాయి. అప్పుడు నీళ్లు పొంగి కార్పెట్ కిందికీ, సిల్స్ లోపలికీ వెళతాయి. సిల్స్ లోపల నుంచి బయటికి కుళ్లుతాయి. వెనుక చక్రం ముందు పెయింటు మీద చిన్న బొబ్బ కనిపించిందంటే లోపల చెయ్యి పట్టేంత తుప్పు ఉండవచ్చు.

పరీక్ష సులువు. ఒక సీసాతో నీళ్లు నెమ్మదిగా ఆ రంధ్రం దగ్గర పోసి, ఇంకొకరిని చక్రం దగ్గర చూడమనండి. ధారగా వస్తే మంచిది. చుక్కలుగా వచ్చినా, అసలు రాకపోయినా పట్టేసినట్టే. శుభ్రం చేయడానికి లావుపాటి నైలాన్ తీగ గానీ పొడవాటి ప్లాస్టిక్ కేబుల్ టై గానీ వాడండి. ఇనుప తీగ వద్దు, అది గొట్టానికి చిల్లు పెడుతుంది, అప్పుడు నీళ్లు నేరుగా సిల్లోకే. కింది నుంచి పైకి తోస్తే చెత్త బయటికి వస్తుంది, పై నుంచి తోస్తే మరింత బిగుసుకుంటుంది. మొదటిసారి శుభ్రం చేసినప్పుడు నా చేతిలో పడింది నల్లటి, వేలు పొడవున్న పీచు ముద్ద. అది వచ్చిన మరుక్షణం సీసాడు నీళ్లు గుడగుడమని కిందికి జారిపోయాయి. ఆరు నెలలకోసారి ఈ పని చేయండి. తర్వాత ఎండ ఉన్న రోజున కార్పెట్ పూర్తిగా ఎత్తి ఆరబెట్టండి. పైపైన తుడిస్తే కింద స్పాంజిలో తడి నెలల తరబడి ఉంటుంది.

వెనుక ప్లాస్టిక్ అద్దం పగలకుండా ఎలా?

కప్పు మడిచే ముందు జిప్పు తీసి అద్దాన్ని పరుపుగా పడుకోబెట్టండి. చలిగా ఉన్నప్పుడు కప్పు దించకండి, గట్టిపడిన ప్లాస్టిక్ మడత దగ్గర చీలుతుంది.

ఇంటి దగ్గర చేయకూడని పనులు ఏవి?

ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో దాని వైరింగ్, స్టీరింగ్ మధ్యభాగం ముట్టుకోకండి. సిల్స్‌కు వెల్డింగ్ చేయించాలంటే బాడీ కొలతలు తెలిసిన చేతికి ఇవ్వండి. స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టు సరైనది లేకుండా షాక్ అబ్జార్బర్ పై నట్టు విప్పకండి. ఆ స్ప్రింగులో ఉన్న బలం ఎముకలు విరిచేంతది. చక్రాల అలైన్‌మెంట్‌కు యంత్రం కావాలి, అయితే వెళ్లే ముందు సస్పెన్షన్ చేతుల దగ్గరి సర్దుబాటు బోల్టులు తిరుగుతున్నాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. అవి లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోవడం ఈ కారులో తరచుగా జరుగుతుంది. వారం ముందు నుంచీ రోజూ స్ప్రే కొడుతూ ఉంటే చాలావరకు లొంగుతాయి.

రాత్రి ఒక హెడ్‌లైటు పైకి లేవలేదు. ఏం చేయాలి?

లైట్ల స్విచ్చు, ఇంజను ఆపేయండి. లైట్లను పైకి లేపే మోటారు ఫ్యూజు కూడా తీసేయండి, లేకపోతే మోటారు ఉన్నట్టుండి తిరిగి వేళ్లు నలుగుతాయి. బానెట్ ఎత్తితే మోటారు మీద రబ్బరు టోపీ కింద చిన్న గుండ్రటి నాబ్ ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పుతూ ఉంటే లైటు నెమ్మదిగా పైకి వస్తుంది. చాలా చుట్లు తిప్పాలి. ఇంటికి చేరాక ముందు కనెక్టర్ శుభ్రం చేసి, కీళ్లకు గ్రీజు పెట్టి చూడండి. మోటారు మార్చాల్సిన అవసరం అరుదుగానే వస్తుంది.